చీమల పచ్చడికి ముఖం చిట్లించే ముందు

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో సంతకు వెళితే సాల ఆకుల్లో పెట్టి ఎర్రచీమలు అమ్ముతుంటారు. చెట్ల మీద ఆకులను దగ్గరకు లాగి, కుట్టినట్లు అతికించి గూడు కట్టుకొనే చీమలివి. కుడితే కళ్ళు చెమర్చాల్సిందే. గూటిని ఆకులతో సహా కోసి బకెట్ నీళ్ళలో ముంచుతారు. తరువాత చెత్త ఏరేసి, చీమలకు ఉప్పు, మిరప, అల్లం, వెల్లుల్లి చేర్చి రోట్లో నూరుతారు. చింతపండు అక్కరలేదు. చీమ ఒంట్లోని ఫార్మిక్ ఆమ్లమే పులుపు. బస్తర్ అడవుల్లో ఇలాంటి పచ్చడినే చాప్డా అంటారు. మయూర్‌భంజ్ వారి ‘కాయి’ పచ్చడికి 2024 ఆరంభంలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన బంగినపల్లి మామిడికీ, తిరుపతి లడ్డూకూ ఉన్న గుర్తింపే అది.

ఇంతదాకా విని ముఖం చిట్లించినవారు మీలో ఉండే ఉంటారు. మాంసం ముట్టనివారిని నేనేమీ అనను, వారి పట్టింపు వేరు. అయితే మెరిసే మిఠాయి బిళ్ళల మీద, కొన్ని మాత్రల మీద పూసే పూత లక్క పురుగు స్రవించేదేనని వారికీ తెలిసి ఉంటే మంచిది. రొయ్యల వేపుడు లొట్టలు వేస్తూ తినేవారి సంగతే నాకు అంతుపట్టదు. రొయ్య, పీత, మిడత, చీమ... అన్నీ కీళ్ళ కాళ్ళూ, గట్టి పైపెంకూ ఉన్న ఒకే పెద్ద కుటుంబం. పైగా రొయ్య నీటి అడుగున కుళ్ళినవీ తింటుంది, మిడత పచ్చటి ఆకు మేస్తుంది!

మనకూ ఇది కొత్త కాదు. వానలకు పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను దీపం దగ్గర పట్టి, వేయించి, రెక్కలు చెరిగి తినడం మన పల్లెల్లో ఉన్నదే. బయట చెప్పుకోరు, అంతే. లేనివాళ్ళ తిండి అంటారేమోనన్న బెరుకు అది. నాలుకకు లేని అభ్యంతరం నలుగురి కోసం వస్తుంది.

సుమారు 200 కోట్ల మంది ఆహారంలో పురుగులున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. 2021లో యూరప్ పిండిపురుగుకు అనుమతి ఇచ్చింది. 2024లో సింగపూర్ 16 రకాల పురుగులను ఆహారంగా ఒప్పుకుంది. అడవిలో తింటే వెనుకబాటుతనం, ప్యాకెట్టులో వస్తే పోషకాహారం! ఈ లెక్క మాత్రం నాకు మింగుడుపడదు.

రుచి చూడాలనిపిస్తే ఒక జాగ్రత్త. రొయ్యలు, పీతలు ఒంటికి పడనివారికి పురుగులూ పడకపోవచ్చు. రెండింటిలోనూ దద్దుర్లు, ఆయాసం తెచ్చే మాంసకృత్తులు ఒకే తరహావి. అలాంటివారు చీమల పచ్చడి జోలికి వెళ్ళవద్దు. పురుగుమందు చల్లిన చేల పక్కన పట్టిన మిడతలను ఎవరూ తినవద్దు. సెలవు.