పాత స్పోర్ట్స్ కారులో కొత్త సౌండు: శ్రోతల ప్రశ్నలు, నిపుణుడి జవాబులు

సమర్పకురాలు: నమస్కారం. విజయవాడ నుంచి మీరు వింటున్న ఈ ఫోన్-ఇన్‌లో ఇవాళ్టి అంశం పాత స్పోర్ట్స్ కార్లలో ఆడియో సిస్టమ్ మార్చుకోవడం. కార్ల వైరింగులో, సౌండు బిగింపులో ఆరితేరిన నిపుణులు మనతో స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ గురునానక్ కాలనీ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే అండి. నాది 2007 పోర్షే బాక్స్‌టర్, 987 మోడల్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీ బోస్ సిస్టమే ఉంది, బ్లూటూత్ లేదు. ఆటోనగర్‌లో అడిగితే పాత స్టీరియో పీకేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టేద్దాం, గంట పని అన్నారు. పెట్టించేయమంటారా?

నిపుణుడు: ముందు ఒక్క వైరు కూడా కోయనివ్వకండి. ఆ బండిలో స్టీరియో నుంచి బోస్ ఆంప్లిఫయర్‌కి, అంటే సిగ్నల్ బలం పెంచి స్పీకర్లకి పంపే ఆంప్‌కి, పాట మామూలు రాగి వైర్ల మీద వెళ్లదు. సన్నటి ప్లాస్టిక్ ఫైబర్‌లో వెలుతురు రూపంలో వెళ్తుంది. దాన్ని మోస్ట్ అంటారు. స్టీరియో వెనక ప్లగ్ తీసి చూస్తే ఫైబర్ చివర ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. అది గొలుసులాగా ఒక పరికరం నుంచి ఇంకోదానికి వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంది. ఎక్కడ తెగినా మొత్తం మూగబోతుంది. బజార్లో దొరికే ఆండ్రాయిడ్ యూనిట్‌కి ఆ ఫైబర్ భాష రాదు. కాబట్టి స్క్రీన్ వెలుగుతుంది, మ్యాప్ కనిపిస్తుంది, స్పీకర్లలో మాత్రం చప్పుడు ఉండదు. అప్పుడు ఆ గంట పని కాస్తా స్పీకరు వైర్లు కోసుకుంటూ పోయే పని అవుతుంది.

శ్రోత: మరి దారేంటండీ?

నిపుణుడు: రెండు దారులున్నాయి. మీకు కావాల్సింది ఫోన్లో పాటలు రావడం ఒక్కటే అయితే పాత స్టీరియో, బోస్ ఆంప్ అలాగే ఉంచి, ఆ ఫైబర్ గొలుసులోకి చేరే బ్లూటూత్ అడాప్టర్ వేయించుకోండి. 987కి సరిపోయేదేనా అని మీ స్టీరియో మోడల్ చెప్పి మరీ అడగండి. ఫైబర్‌ని 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగుతుగా వంచకూడదు, టై కట్టి నొక్కకూడదు, ప్లగ్ కొనని వేలితో తాకకూడదు. దాని మీద చేతి జిడ్డు పడితే వెలుతురు తగ్గిపోతుంది, పాట ఉండి ఉండి ఆగిపోతుంది. సౌండు కూడా పెరగాలంటే రెండో దారి. కొత్త యూనిట్, కొత్త ఆంప్, దాని నుంచి ప్రతి స్పీకరుకీ కొత్త వైరు. పాత వైరింగుని కోయకుండా పక్కన వదిలేయాలి. రేపు బండి అమ్మేటప్పుడు ఒరిజినల్‌గా తిరిగి పెట్టగలిగితే దానికుండే విలువ వేరు.

సమర్పకురాలు: బోస్ స్పీకర్లు ఉంచేసి ఆంప్ ఒక్కటే మార్చుకోవచ్చా?

నిపుణుడు: మార్చొచ్చు. కాకపోతే ముందు ఆంప్ దగ్గర వైరు విప్పి, మల్టీమీటర్‌తో ఒక్కో స్పీకరు నిరోధాన్నీ ఓమ్‌లలో కొలవాలి. మామూలు 4 ఓమ్‌ల స్పీకరు మీటర్ మీద 3.2 నుంచి 3.6 దాకా చూపిస్తుంది. 2 ఓమ్‌లదైతే 1.6 నుంచి 1.9. కంపెనీ ఆంప్‌తో వచ్చే స్పీకర్లు చాలావాటిలో 4 కన్నా తక్కువే ఉంటాయి. 4 ఓమ్‌లకి తయారైన ఆంప్‌ని 2 ఓమ్‌ల స్పీకరుకి కలిపితే కరెంటు రెట్టింపు లాగుతుంది. మన బెజవాడ ఎండలో మధ్యాహ్నం రెండింటికి బయట పార్కు చేసిన బండిలో ఆ ఆంప్ పది నిమిషాలకే వేడెక్కి కట్ అయిపోతుంది.

శ్రోత: కొత్త ఆంప్ ఎక్కడ పెట్టించాలి? సీటు వెనకాలా?

నిపుణుడు: మీ బండికి ఇంజను సీట్ల వెనకే కదండీ, అక్కడ ఎప్పుడూ వేడే. ముందు డిక్కీలో పెట్టించండి. బ్యాటరీ కూడా అక్కడే కాబట్టి పవర్ వైరు మీటరున్నర లోపే సరిపోతుంది. నాలుగు చానళ్లు, ఒక్కోటి 75 వాట్లు, సబ్‌కి, అంటే బాస్ కోసం వేసే సబ్‌వూఫర్ స్పీకరుకి, ఇంకో 200 వాట్లు అనుకుందాం. మొత్తం 500. క్లాస్ డి ఆంప్ 80 శాతం పనితనంతో నడిస్తే 625 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టులతో భాగిస్తే దాదాపు 45 ఆంపియర్లు. దానికి 4 గేజి రాగి వైరు, అంటే 21 చదరపు మిల్లీమీటర్లది, వేసి 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఆ ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. చాలాచోట్ల ఆంప్ పక్కన పెడతారు. ఫ్యూజు కాపాడేది ఆంప్‌ని కాదండీ, వైరుని. దారిలో ఎక్కడైనా రేకు అంచుకి వైరు గీసుకుని బాడీకి తగిలితే, ఆంప్ పక్కనున్న ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది, వైరు మాత్రం కాలిపోతుంది. రేకులోంచి వైరు దాటే ప్రతి కన్నానికీ గ్రోమెట్, అంటే రబ్బరు వలయం, వేయించండి.

వైరు కొనేటప్పుడు ఒక పోగు పీకి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూసిన అల్యూమినియం. అది అదే మందంలో రాగి మోసినంత కరెంటు మోయదు. వర్షాకాలం తేమకి బిగింపుల దగ్గర తుప్పు పట్టి వదులవుతుంది కూడా.

శ్రోత: డోర్లలో స్పీకర్లు మార్చాలంటే డోర్ ప్యాడ్ విప్పాలి కదా?

నిపుణుడు: విప్పాలి, అక్కడే జాగ్రత్త కావాలి. 987 డోరులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, అద్దం అంచు కింద నుంచి పైకి విచ్చుకునేది. బ్యాటరీ మైనస్ విప్పి, కనీసం పది నిమిషాలు ఆగి, ఆ తర్వాతే డోర్ ప్యాడ్ మీద చెయ్యి వెయ్యాలి. ఎయిర్‌బ్యాగ్ ప్లగ్ ఊడి ఉన్నప్పుడు పొరపాటున కూడా తాళం ఆన్ చేయకూడదు. చేస్తే హెచ్చరిక లైటు వెలిగి కూర్చుంటుంది, దాన్ని ఆర్పాలంటే స్కానర్ కావాలి. డోర్ ప్యాడ్ లోపల రేకుకి అతికించిన పొర ఉంటుంది. దాన్ని చింపి వదిలేస్తే వాన నీళ్లు డోరులోంచి కాళ్ల దగ్గరి కార్పెట్‌లోకి దిగుతాయి. జాగ్రత్తగా వలిచి, జిగురు రబ్బరులాంటి బ్యూటైల్ టేపుతో మళ్లీ అతికించాలి.

స్పీకరు ఎంత లోతుది పడుతుందో కేటలాగు చూసి తేల్చకండి. చపాతీ పిండి ముద్ద ఒకటి తీసుకుని, స్పీకరు రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, రంధ్రం పక్కన రేకుకి వెనక వైపు, అంటే అద్దం ఉండే వైపు, అంటించండి. అద్దం పూర్తిగా దించి, పైకి ఎత్తండి. నలగకుండా మిగిలిన ముద్ద ఎంత ఎత్తు ఉందో స్కేలుతో కొలిస్తే మీకున్న చోటు తెలుస్తుంది. అందులోంచి 5 మిల్లీమీటర్లు తీసేసి స్పీకరు ఎంచుకోండి. స్పీకరు కింద బిగించే రింగు కావాలంటే ఎండీఎఫ్ (చెక్కపొడి అచ్చు పలక) వద్దు, తేమకి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ రింగు కానీ, అన్ని వైపులా పెయింటు పట్టించిన వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ కానీ వాడండి.

శ్రోత: పైకప్పు తీసి నడిపితే బాస్ అసలు వినపడట్లేదండి. పన్నెండు ఇంచుల సబ్ పెట్టమంటున్నారు.

నిపుణుడు: వద్దు. గాలి హోరు మింగేసేది ఎక్కువగా 80 నుంచి 250 హెర్ట్జ్ మధ్య చప్పుడు, తబలా దెబ్బ, మగ గొంతు నిండుదనం ఉండే చోటు. అది డోర్ స్పీకర్ల పని. పెద్ద సబ్ పెడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అదురుతుంది, బండి కదలగానే మళ్లీ ఏమీ ఉండదు. ఆ డబ్బుతో డోర్లకి రేకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు వేయించండి. బయటి రేకు లోపలి వైపు నాలుగో వంతు మేర అతికిస్తే చాలు, అంతా కప్పక్కర్లేదు. కింద నీళ్లు కారే రంధ్రాలు మూయకూడదు. తర్వాత కావాలనిపిస్తే 8 ఇంచుల పల్చటి సబ్, 15 లీటర్ల మూసిన బాక్సులో.

సమర్పకురాలు: మంచిది. గుంటూరు అరండల్‌పేట నుంచి కాల్.

శ్రోత: నమస్తే అండి. మాది 2002 హోండా సిటీ వీటెక్. ఆంప్ పెట్టించిన దగ్గర్నుంచి ఇంజను రేస్ చేస్తుంటే స్పీకర్లలో కుయ్ మని గోల. రేస్ పెంచేకొద్దీ పెరుగుతోంది.

నిపుణుడు: ఇంజనుతో పాటు పెరుగుతోందంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ గోలే. ఎటునుంచి వస్తోందో వరసగా పట్టుకుందాం. ఇంజను ఆపి, ఆంప్ వెనకున్న ఆర్‌సీఏ పిన్నులు, అంటే స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే తీగ పిన్నులు, పీకి, మళ్లీ స్టార్ట్ చేయండి. గోల పోయిందా, ఆంప్ తప్పు కాదు. స్టీరియో వైపో, ఆర్‌సీఏ తీగలోనో ఉంది. పోలేదా, ఆంప్ పవరులోనో ఎర్తింగులోనో ఉంది.

శ్రోత: పీకితే పోయిందండి. అది చూశాం.

నిపుణుడు: శెభాష్, సగం పని అయిపోయింది. ఇప్పుడు పిన్నులు మళ్లీ పెట్టి, స్టీరియో బాడీ నుంచి ఆర్‌సీఏ పిన్ను బయటి లోహానికి ఒక వైరు ముక్క తాకించండి. గోల ఆగిందంటే స్టీరియోలో ఆర్‌సీఏకి ఉండే ఎర్తు దారి తెగింది. కొన్ని యూనిట్లలో ఆ దారికి చిన్న ఫ్యూజు లాంటి భాగం ఉంటుంది. స్టీరియో ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పీకడం, పెట్టడం చేస్తే అదే పోతుంది. రిపేరు చేసేవాళ్లు మార్చేస్తారు. ఆగకపోతే ఆర్‌సీఏ తీగ పవర్ వైరు పక్కనే వేశారేమో చూడండి. పవర్ ఎడమ వైపు నుంచి వస్తే ఆర్‌సీఏ కుడి వైపు నుంచి రావాలి. కలవక తప్పని చోట అడ్డంగా దాటాలి, పక్కపక్కన పరుగెత్తకూడదు.

ఎర్తింగు కూడా కొలవండి. పాట గట్టిగా పెట్టి, మీటర్ ఒక కొన ఆంప్ మైనస్ మీద, ఇంకో కొన బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఏం పర్లేదు. అర వోల్టు చూపిస్తే పెయింటు మీదే బోల్టు బిగించారన్నమాట. గరుకు కాగితంతో మెరిసే రేకు కనబడేదాకా గీకి, నట్టూ బోల్టుతో బిగించి, పైన గ్రీజు రాయండి. సీటు బెల్టు బోల్టు కింద మాత్రం ఎర్తు వైరు ఇరికించనివ్వకండి. అది ప్రాణం కాపాడే బోల్టు. ఇంత చేసినా పోకపోతే మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద కొలవండి. అర వోల్టు దాకా చూపిస్తే ఆల్టర్నేటర్ డయోడ్ దెబ్బతిందని అర్థం. ముందు దాన్ని బాగు చేయించాలి.

సమర్పకురాలు: తెనాలి నుంచి ఇంకో కాల్.

శ్రోత: సార్, నేను కార్ వైరింగ్ పని నేర్చుకుంటున్నాను. ఆంప్ మీద గెయిన్ ఎంత పెట్టాలో చెప్పండి సార్. మా షాపులో ఫుల్ తిప్పేస్తారు.

నిపుణుడు: బాబూ, గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని జత చేసే స్క్రూ అది. ఫుల్ తిప్పితే ఆంప్ తరంగాల తలలు నరికేస్తుంది. ముందు ట్వీటర్లు, అంటే సన్నటి చప్పుడు వినిపించే చిన్న స్పీకర్లు, కాలిపోతాయి. నువ్వేం చేస్తావంటే, స్పీకరు వైర్లు విప్పేయ్. స్టీరియోలో బాస్, ట్రెబుల్, ఈక్వలైజర్ అన్నీ సున్నాలో పెట్టి, వాల్యూమ్ ముప్పావు వంతు దాకా పెంచు. 1000 హెర్ట్జ్ టోన్ ప్లే చెయ్, సబ్ చానల్‌కైతే 50 హెర్ట్జ్‌ది. మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి ఆంప్ అవుట్‌పుట్ మీద కొలువు. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే రావాల్సిన వోల్టులు. 75 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 300కి వర్గమూలం, 17.3 వోల్టులు. 200 వాట్లు, 4 ఓమ్‌లకి 28.3. అదే 200 వాట్లు 2 ఓమ్‌లకైతే 20. మీటర్ అక్కడికి రాగానే ఆపెయ్. స్పీకరు ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా మోయగలిగే వాట్లు, ఆంప్ కన్నా తక్కువైతే స్పీకరు లెక్కే తీసుకో. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే మ్యాక్స్ వాట్లు లెక్కలోకి తీసుకోకు.

శ్రోత: క్రాస్‌ఓవర్ సార్?

నిపుణుడు: ఏ స్పీకరుకి ఏ చప్పుడు వెళ్లాలో విడదీసేది అది. డోర్ స్పీకర్లకి హైపాస్ 80 హెర్ట్జ్, అంటే దానికి పైనున్న చప్పుడే, సబ్‌కి లోపాస్ 80, అంటే దానికి కిందిదే, వెళ్లేలా మొదలుపెట్టు. తర్వాత చెవితో వింటూ సర్దు.

సమర్పకురాలు: ఇందాకటి బాక్స్‌టర్ శ్రోత మళ్లీ లైన్లోకి వచ్చారు.

శ్రోత: ఒక్కటి అడగడం మర్చిపోయానండి. వారానికోసారే బండి తీస్తాను. ఇవన్నీ పెడితే బ్యాటరీ దిగిపోతుందా?

నిపుణుడు: వైరింగు సరిగా ఉంటే దిగదు. పని అయ్యాక కొలిపించుకోండి. మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, బ్యాటరీ మైనస్‌కీ దాని వైరుకీ మధ్య కలిపి, డిక్కీ లాకు స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు తిప్పి, తాళం వేసి నలభై నిమిషాలు వదిలేయాలి. బండిలో కంప్యూటర్లన్నీ నిద్రపోయాక 50 మిల్లీఆంపియర్ల లోపు చూపించాలి. మధ్యలో డోరు తీస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అర ఆంపియర్ చూపిస్తే 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయిదు రోజుల్లో ఖాళీ. ఎక్కువగా ఆంప్ రిమోట్ వైరుని, అంటే ఆంప్‌ని ఆన్ చేసే వైరుని, తాళంతో ఆగని పవర్‌కి కలిపేయడం వల్ల ఇలా అవుతుంది. నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు స్టీరియో నుంచే రావాలి. ఎఫ్ఎం సరిగా రాకపోతే కూడా అక్కడే చూడండి. అద్దంలో ఉండే యాంటెనా ఆంప్లిఫయర్‌కి 12 వోల్టులు అందాలి, కొత్త యూనిట్ దానంతట అది ఇవ్వదు. అడాప్టర్ వేయాలి.

మీ బండికి ఇంకో తిరకాసు ఉంది. ముందు డిక్కీ లాకు కరెంటుది. బ్యాటరీ పూర్తిగా చస్తే డిక్కీ తెరుచుకోదు, బ్యాటరీ ఏమో దాని లోపలే. కాళ్ల దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటికి లాగే ఎర్రటి టెర్మినల్ ఒకటి ఉంటుంది. వేరే బ్యాటరీ ప్లస్ దానికి, మైనస్ డోరు లాకు కొక్కేనికి తగిలించి, రిమోట్‌తో డిక్కీ తీయాలి. ఆ వైర్లతో బండి స్టార్ట్ చేయబోకండి, లాకు తీయడానికే ఆ దారి.

శ్రోత: ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలా అండీ?

నిపుణుడు: చెప్పాలి. కంపెనీ అమర్చని ఎలక్ట్రికల్ సామానుగా బిల్లుతో సహా పాలసీలో రాయించండి. దాని విలువను బట్టి కొంత ప్రీమియం అదనం. రాయించకపోతే దొంగతనం జరిగినా, కాలిపోయినా ఆ సామానుకి పైసా రాదు.