సేల్ డీడు రాసిన కుర్రవాడు

అందరికీ నమస్కారం.

గ్రంథాలయం వాళ్ళు నన్ను మాట్లాడమన్నప్పుడు, ఏ స్టాంపు డ్యూటీ గురించో, వీలునామాల గురించో చెబుతాననుకుని ఉంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాడికి ఇంకేం తెలుస్తుంది? క్వేకర్లనే క్రైస్తవ సమాజం గురించి చెబుతానంటే, ఇందాక బయట ఒక పెద్దాయన "ఓట్స్ వాళ్ళా?" అన్నారు. కాదండీ. క్వేకర్ ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకున్న ముసలాయన ఉంటాడు చూశారా, అది కంపెనీ వాళ్ళు పెట్టుకున్న బొమ్మ. క్వేకరంటే నిజాయితీపరుడన్న పేరుంది కాబట్టి వాడుకున్నారు. అంతకు మించి ఆ సమాజానికీ ఆ కంపెనీకీ చుట్టరికం లేదు.

క్వేకర్ అంటే వణికేవాడు. 1650లో ఇంగ్లండులోని డెర్బీలో జార్జ్ ఫాక్స్ అనే ఇరవై ఆరేళ్ళ మనిషిని జడ్జి ముందు నిలబెట్టారు. నేతపనివాడి కొడుకు, చెప్పులు కుట్టే పని నేర్చినవాడు. దేవుడి మాట విని వణకండి అన్నాడట. ఆ జడ్జి ఎగతాళిగా వీళ్ళకు వణికేవాళ్ళని పేరు పెట్టాడు, అదే స్థిరపడింది. వాళ్ళు మాత్రం తమని తాము 'మిత్రులు' అనుకుంటారు. ఫాక్స్ చెప్పింది చూడటానికి చిన్న మాటే: ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు కొంత ఉంది. ఇలాంటి మాట మనం హరికథల్లో, తత్వాల్లో చాలాసార్లు విన్నాం, విని ఇంటికెళ్ళి పడుకున్నాం. వీళ్ళు పడుకోలేదు. దాన్ని నోటి మాటలోకీ, టోపీలోకీ, దుకాణంలోకీ తెచ్చారు.

నోటి మాట సంగతి ఇప్పటి ఇంగ్లీషు వాళ్ళకంటే మనకే బాగా అర్థమవుతుంది. అప్పటి ఇంగ్లీషులో 'నువ్వు' వేరు, 'మీరు' వేరు. పాలేరు 'నువ్వు', దొర 'మీరు'. క్వేకర్లు అందరినీ 'నువ్వు' అన్నారు, జడ్జినీ నువ్వే. మన ఆఫీసుల్లో ఎవరైనా అలా అంటే ఏమవుతుందో ఊహించుకోండి. అంతకంటే కష్టం టోపీతో వచ్చింది. దొరల గడీ ముందు కండువా తీసి చంకలో పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని నడిచిన కాలం మన దగ్గరా ఉంది. అక్కడ పెద్దవాడి ముందు టోపీ తీయాలి. వీళ్ళు దేవుడి ముందే తీస్తామన్నారు. 1670లో లండన్ కోర్టులో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లని విచారణకు తెచ్చారు. లోపలికి వచ్చేటప్పుడు ఎవరో వాళ్ళ టోపీలు తీసేశారు. న్యాయాధిపతులు మళ్ళీ పెట్టించి, టోపీలు ఎందుకు పెట్టుకున్నారని జరిమానా వేశారు! జ్యూరీ వాళ్ళు ఆ ఇద్దరినీ దోషులనడానికి ఒప్పుకోలేదు. తిండీ నీళ్ళూ లేకుండా గదిలో పెట్టి తాళం వేసినా మాట మార్చలేదు. తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదన్న సూత్రం ఆ కేసు తర్వాతే ఇంగ్లండులో నిలబడింది.

ఒట్టు కూడా వేసేది లేదన్నారు. ఒట్టు వేసినప్పుడు నిజం చెబుతానంటే, మిగతా రోజుల్లో అబద్ధం చెప్పవచ్చనేగా అర్థం అని వాళ్ళ వాదన. దానికోసం జైళ్ళు నింపారు, ఆస్తులు పోగొట్టుకున్నారు. చివరికి ప్రమాణానికి బదులు 'నిజమే చెబుతాను' అని మామూలుగా అంటే చాలని చట్టం వచ్చింది. ఇవాళ మన మంత్రులు కొందరు దైవసాక్షిగా అని, కొందరు అలా అనకుండా ప్రమాణం చేస్తారు. ఆ రెండో దారి వెనుక వీళ్ళు గడిపిన జైలు రోజులున్నాయి. మా వృత్తిలో సాక్షి సంతకం చాలా సులువుగా దొరికే వస్తువు, అందుకని ఈ సంగతి నాకు కొంచెం ఎక్కువ గుచ్చుకుంటుంది.

దుకాణం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. బేరాలు లేవు, ఒకటే ధర. మొదట గిరాకీ పోయింది. తర్వాత, చిన్నపిల్లని పంపినా మోసం జరగదని తెలిసి జనం వాళ్ళ దగ్గరికే వచ్చారు. దాన్ని వ్యాపార సూత్రంగా చెప్పేవాళ్ళున్నారు కానీ, నాకు అంత ఆసక్తి లేదు. లాభం వచ్చింది కాబట్టి మంచిదనడం మొదలుపెడితే, లాభం రాని రోజున ఏం చేస్తాం?

నేను అసలు చెప్పాలనుకున్నది జాన్ ఊల్మన్ అనే క్వేకర్ గురించి. 1720లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టాడు. ఇరవై దాటిన వయసులో మౌంట్ హోలీ అనే ఊళ్ళో ఒక దుకాణంలో గుమాస్తా. దస్తావేజులు రాసేవాడు కూడా, అంటే మా కులమే, వృత్తి కులం! ఒకరోజు యజమాని తన దగ్గరున్న నీగ్రో స్త్రీని అమ్మేశాడు. కొన్నాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. సేల్ డీడు రాయమన్నాడు యజమాని. ఊల్మన్‌కి మనసొప్పలేదు. కానీ తాను జీతగాడు, చెప్పింది యజమాని, కొంటున్నది తమ సమాజంలోని పెద్దాయన. రాసేశాడు. రాస్తున్నప్పుడు మాత్రం మనసు నిలవక, బానిసల్ని ఉంచుకోవడం క్రైస్తవ మతానికి తగదని నా నమ్మకం అని ఇద్దరి ముందూ అన్నాడు. దాంతో కొంత తేలికపడింది. కానీ అప్పుడే 'నేను రాయను' అని ఉంటే ఇంకా బాగుండేదని తర్వాత తన డైరీలో రాసుకున్నాడు.

నాకు ఆయన ఆ చోటనే దగ్గరయ్యాడు. మొదటిసారే కలం పారేసిన మహానుభావుడైతే, దండం పెట్టి పక్కకి తప్పుకునేవాణ్ణి. ఈయన రాశాడు, తర్వాత నిద్రపట్టలేదు.

కొన్నాళ్ళకి ఇంకో కుర్రవాడు అలాంటి పత్రమే రాయమని వచ్చాడు. ఈసారి రాయనన్నాడు. తిట్టలేదు, నెమ్మదిగా చెప్పాడు. ఆ కుర్రవాడు కూడా, నాకూ మనసులో ఇష్టం లేదు, నా భార్యకి బహుమానంగా వచ్చింది అన్నాడు. మరోసారి పొరుగాయనకి పెద్ద దెబ్బ తగిలి, ఊల్మన్‌ని పిలిపించి వీలునామా రాయమన్నాడు. ఊల్మన్ అంతా రాశాడు, బానిస పిల్ల ఎవరికి చెందాలన్న భాగం తప్ప. ఆ భాగం రాయలేనని చెప్పాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆయన ఆ పిల్లని విడిపించడానికి ఒప్పుకున్నాడు. ఊల్మన్ మళ్ళీ కూర్చుని వీలునామా పూర్తిచేశాడు.

ఇక్కడ నిజం దాచకూడదు. బానిసల్ని ఉంచుకున్నవాళ్ళలో క్వేకర్లు చాలామంది ఉన్నారు, ఇందాక చెప్పిన పెన్‌తో సహా. ఊల్మన్‌కంటే ముందే బెంజమిన్ లే అనే పొట్టి మనిషి 1738లో వాళ్ళ సభలో లేచి, ఎర్రని పళ్ళరసం దాచిన పుస్తకాన్ని కత్తితో పొడిచి, రక్తం చిమ్మినట్టు చేసి అందర్నీ నిలదీశాడు. సమాజం ఆయన్నే వెలివేసింది. ఆయనదీ తప్పనను, అలాంటివాళ్ళూ కావాలి.

ఊల్మన్ దారి వేరు. బానిసలున్న క్వేకర్ల ఇళ్ళకి వెళ్ళేవాడు, భోంచేసేవాడు, వెళ్ళేటప్పుడు తనకి సేవ చేసిన బానిసలకి డబ్బు ఇచ్చేవాడు. ఆ ఇంటాయన మొహం ఎలా ఉండేదో మరి! రంగు వేసిన బట్టలు మానేశాడు. రంగు మురికిని దాస్తుందనీ, దాని తయారీలో బానిసల చెమట ఉందనీ. రంగు వేయని టోపీ పెట్టుకుంటే, సరిగ్గా అప్పుడే అలాంటి టోపీలు ఫ్యాషన్ అయ్యాయట. జనం తనని షోకిలా అనుకుంటారేమోనని ఆయనకి బాధ. ఆ పేజీ చదివి నేను పైకే నవ్వాను.

క్వేకర్ల సభల పద్ధతి చెప్పాలి. పూజారి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు, చెప్పాలన్న కదలిక కలిగినవాడు లేచి చెబుతాడు. నిర్ణయాలకి ఓట్లు లేవు. రాసేవాడు అక్కడికక్కడే తీర్మానం రాసి చదువుతాడు, కుదరకపోతే దిద్దుతాడు, ఇంకా కుదరకపోతే వాయిదా. మన సంఘాల్లో మినిట్స్ పుస్తకం మర్నాడు ఇంటి దగ్గర రాసుకునేవాళ్ళకి ఇది నచ్చదు. ఈ పద్ధతి నత్తనడకే. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ, బానిసలున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మాట్లాడటానికి కొందరిని పంపింది, వాళ్ళలో ఊల్మన్ ఒకడు. విడిపించనివాళ్ళని సభ్యులుగా ఉంచబోమని తేల్చింది 1776లో. పద్ధెనిమిదేళ్ళు. ఆ పద్ధెనిమిదేళ్ళూ పొలాల్లో పనిచేసినవాళ్ళ వైపు నుంచి చూస్తే, ఈ నెమ్మదిని మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు.

ఆ నిర్ణయం చూడటానికి ఊల్మన్ లేడు. 1772లో ఇంగ్లండు వెళ్ళాడు. ఓడలో క్యాబిన్‌కి చెక్కిన నగిషీలు చూసి, ఆ ఆడంబరానికి డబ్బు కట్టలేనని అడుగున నావికులతో పడుకున్నాడు. అక్కడ గుర్రపు బండ్లు ఎక్కలేదు. వేగం కోసం గుర్రాల్ని చచ్చేదాకా తోలుతున్నారనీ, బండి తోలే కుర్రాళ్ళు చలికి బిగుసుకుపోతున్నారనీ విన్నాడు. నడిచే వెళ్ళాడు. ఆ అక్టోబరులో యార్క్ ఊళ్ళో మశూచితో పోయాడు. యాభై ఒక్కేళ్ళు.

నా బల్ల దగ్గరికి ఒకసారి ఇద్దరు కొడుకులు తల్లిని తీసుకొచ్చారు. ఇల్లు పెద్దవాడి పేర గిఫ్ట్ డీడు. చిన్నవాడు సాక్షి. ఆమె బెంచీ చివర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. 'నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా' అన్న వాక్యం మాకు చేతి అలవాటు, చూడకుండానే రాస్తాం. రాశాను. చదివి వినిపించాను. ఆమె నా మొహంలోకి చూసింది. అడగాల్సిన ప్రశ్న ఒకటి నాకు నోటిదాకా వచ్చింది. బయట ఇంకో నలుగురు పార్టీలు నిలబడి ఉన్నారు. ఆమె బొటనవేలు పట్టుకుని సిరా రాసి, కాగితం మీద వేయించాను.

"అయిపోయిందా బాబూ?" అంది.

"అయిపోయిందమ్మా" అన్నాను.