బండి నడిపేవాళ్ళు, పని ఇచ్చేవాళ్ళు

అందరికీ నమస్కారం. న్యూజెర్సీ ఎడిసన్‌లో తెలుగువాళ్ళ సమావేశంలో, కాగితాల్లేనివాళ్ళకి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వడం గురించీ, వాళ్ళకి పని ఇచ్చే యజమానుల గురించీ మాట్లాడతానంటే ఒకరిద్దరు మిత్రులు "అది మెక్సికో వాళ్ళ గొడవ కదండీ, మనకెందుకు?" అన్నారు. అమెరికాలో కాగితాల్లేని భారతీయులు దాదాపు ఏడు లక్షల మంది ఉంటారని ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ దొంగ యూనివర్సిటీ కేసు గుర్తుందా? ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన ఆ యూనివర్సిటీలో చేరి దొరికిపోయిన పిల్లల్లో మనవాళ్ళెంతమంది! ఈ ఊళ్ళో ఇమ్మిగ్రేషన్ గొడవ ఎవరికీ పరాయిది కాదు. ఐ-94 మీద, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం మీద ఉన్న తేదీతో లైసెన్సుని ముడిపెడితే ఎంత ఇబ్బందో హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ళకి నేను చెప్పాలా?

ముందు లైసెన్సు సంగతి. మన న్యూజెర్సీలో 2019 డిసెంబరులో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ ఒక చట్టం మీద సంతకం పెట్టారు, 2021 మేలో అమల్లోకి వచ్చింది. ఎవరు, ఎక్కడుంటారు అనేదానికి రుజువులు చూపించి, కంటి పరీక్ష, రాత పరీక్ష, రోడ్డు టెస్టు పాసైతే ఇమ్మిగ్రేషన్ స్టేటస్‌తో సంబంధం లేకుండా స్టాండర్డ్ లైసెన్సు ఇస్తారు. ఆ కార్డు రియల్ ఐడీ, అంటే విమానం ఎక్కేటప్పుడు చూపించే ఫెడరల్ ప్రమాణాల కార్డు, కాదు. దాంతో ఓటు రాదు, ఉద్యోగం చేసే హక్కూ రాదు. బండి నడపడానికి మాత్రమే.

"తప్పు చేసినవాళ్ళకి బహుమానమా?" అని అడుగుతారు. కాలిఫోర్నియా 2015లో ఇదే పని చేసింది. ఆ ఏడాది గుద్ది పారిపోయే కేసులు 7 నుంచి 10 శాతం తగ్గాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కతేల్చారు. లైసెన్సు లేనివాడికి చిన్న సొట్ట పడినా పోలీసులు వస్తే డిపోర్టేషన్ దాకా వెళ్తుందని భయం, అందుకే ఆగకుండా పోతాడు. లైసెన్సు ఉంటే ఆగి ఇన్సూరెన్స్ కాగితం ఇస్తాడు. గుద్దించుకున్నది మీ కారైతే మీకేది కావాలో మీరే చెప్పండి.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది. తెల్లవారుజామున న్యూ బ్రన్స్‌విక్‌లో చూడండి. టెంప్ ఏజెన్సీల, అంటే తాత్కాలిక కూలీలని సరఫరా చేసే కంపెనీల వ్యాన్లు మనుషుల్ని ఎక్కించుకుని టర్న్‌పైక్ హైవే పక్కన ఉన్న వేర్‌హౌసులకు బయల్దేరతాయి. మీరు రాత్రి ఆర్డర్ చేసిన వస్తువు అట్టపెట్టెలోకి ఎక్కేది అలాంటి చోటే. సొంతంగా బండి నడపలేనివాడికి ఆ వ్యాన్ తప్ప గతి లేదు. వ్యాన్ ఛార్జీ జీతంలోంచి కోసేవారు, పోనీ ఎంత కోశారో సరిగ్గా చెప్పేవారా అంటే అదీ లేదు. ఆ కోత కుదరదని చెప్పడానికి ఈ రాష్ట్రానికి 2023 దాకా పట్టింది, ఆ ఏడాది తెచ్చిన టెంప్ కార్మికుల హక్కుల చట్టంలో ఆ మాట రాశారు. చేతిలో లైసెన్సు ఉన్నవాడు నచ్చకపోతే ఇంకో వేర్‌హౌస్‌కి పోతాడు. యజమానికి ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఇక యజమానుల సంగతి. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టం మొదటిసారి పని ఇచ్చేవాడికీ శిక్ష పెట్టింది. కొత్తగా చేరేవాళ్ళకి పని చేసే హక్కుందో లేదో యజమాని కాగితాలు చూసి నింపే ఐ-9 ఫారం దాంతోనే వచ్చింది. కానీ ఆ చట్టంలో "తెలిసి" పనిలో పెట్టుకుంటేనే తప్పు. చూపించిన కార్డు చూడ్డానికి అసలుదిలా ఉంటే చాలు, యజమాని బాధ్యత తీరిపోయింది. ఇంకా కాగితాలు తెమ్మని గుచ్చిగుచ్చి అడిగితే వివక్ష కేసు పడొచ్చు, అది నిజమే. కాకపోతే తెలియకుండా ఉండటమే లాభమైనప్పుడు ఎవరు తెలుసుకుంటారు? మధ్యలో ఒక సబ్‌కాంట్రాక్టర్‌ని పెట్టుకుంటే ఇంకా సుఖం.

అయోవాలో పోస్ట్‌విల్ అనే చిన్న ఊరు. 2008 మే 12న అక్కడి మాంసం ఫ్యాక్టరీ మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేసి 389 మందిని పట్టుకున్నారు. పశువుల సంతలు జరిగే ప్రాంగణంలో తాత్కాలికంగా కోర్టు పెట్టి, కొద్ది రోజుల్లోనే దాదాపు మూడొందల మందికి శిక్షలు వేశారు, చాలామందికి ఐదు నెలల జైలు. మరి ఫ్యాక్టరీ నడిపినాయన? ఆయనకీ శిక్ష పడింది, 27 ఏళ్ళు. అయితే పడింది బ్యాంకు మోసం కేసులో. ఇమ్మిగ్రేషన్ ఆరోపణలన్నీ ఆ తర్వాత ప్రభుత్వమే వదిలేసింది. 2017లో ట్రంప్ ఆయన శిక్ష తగ్గించి బయటికి పంపారు. ఈ కేసు ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు.

ఫ్లోరిడా 2023లో ఇంకో పని చేసింది. కనెక్టికట్, డెలవేర్ లాంటి రాష్ట్రాలు కాగితాల్లేనివాళ్ళకి విడిగా ఇచ్చే లైసెన్సులు తమ దగ్గర చెల్లవంది. అదే చట్టంలో యజమానులకు ఈ-వెరిఫై, అంటే పని చేసే హక్కుందో లేదో ప్రభుత్వ రికార్డుల్లో ఆన్‌లైన్‌లో సరిచూడటం, తప్పనిసరి చేసింది, కానీ 25 మంది, ఆపైన ఉద్యోగులున్నవాళ్ళకే. పదిమందితో ఇళ్ళ కప్పులు వేయించే కాంట్రాక్టరు హాయిగా బయటపడ్డాడు. బండి నడిపేవాడికి మాత్రం అలాంటి మినహాయింపు లేదు.

మనలోనూ యజమానులున్నారు కదా. మోటళ్ళు, గ్యాస్ స్టేషన్లు, కన్సల్టెన్సీలు నడిపేవాళ్ళు ఈ హాల్లోనే ఉండొచ్చు. స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడికి గంటకింతని చేతికిచ్చి, అదీ కనీస వేతనం కంటే తక్కువిచ్చి, "బాబూ, నువ్వు ఎవరికి చెప్పుకుంటావు?" అనే పెద్దమనుషుల్ని మనం ఎరుగుదుం. దీపావళికి స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతాం కూడా. హెచ్-1బి మనిషిని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపడం కూడా చట్టవిరుద్ధమే, ప్రాజెక్టు లేదన్న సాకు చెల్లదు.

జీతం ఎగ్గొడితే న్యూజెర్సీ కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ స్టేటస్ అడగరు. "నోరెత్తితే ఐస్ (ఇమ్మిగ్రేషన్ పోలీసులు) వాళ్ళకి ఫోన్ చేస్తా" అని యజమాని బెదిరిస్తే దానికీ 2024లో ఇక్కడ ఒక చట్టం వచ్చింది. మొదటిసారి వెయ్యి డాలర్ల దాకా జరిమానా. ఒక మనిషి నెల జీతం మింగినవాడికి అది పెద్ద లెక్క కాదని నా అభిప్రాయం. దీని మీద మీ ప్రశ్నలు వింటాను, ముఖ్యంగా వ్యాపారం చేసేవాళ్ళవి.