పిన్నులు పీకేసినంత మాత్రాన తలుపు మూసుకోదు

(బల్ల మీద విప్పి పెట్టిన పాత వైఫై రౌటర్. కెమెరా బోర్డు మీదికి వంగుతుంది.)

ఇక్కడ చూడండి, బోర్డు అంచున వరసగా నాలుగు రాగి చుక్కలున్నాయి. పిన్నుల్లేవు, పక్కన పేర్లు కూడా లేవు. ఈ రౌటర్‌ని బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత సామాన్ల కొట్లో కొన్నాను. ఎవరు తయారుచేశారో చెప్పను. ఇది ఏ ఒక్కరి జబ్బో కాదు.

పోయిన నెల ఒక డిజైన్ రివ్యూలో కూర్చున్నాను. మంచి పనిమంతుడైన కుర్రాడు, బోర్డు తనే గీశాడు. "అక్కా, ప్రొడక్షన్ బోర్డులో జేట్యాగ్ హెడర్ తీసేశాం, సిల్క్‌స్క్రీన్ మీద పేర్లూ తీసేశాం. ఇంక డీబగ్ పోర్టుతో భయం లేదు" అన్నాడు. డీబగ్ పోర్టంటే చిప్ లోపలికి తొంగిచూసి తప్పులు వెతికే దారి. జేట్యాగ్ అందులో ఒక రకం, హెడర్ దానికి తీగలు తగిలించే పిన్నుల వరస, సిల్క్‌స్క్రీన్ బోర్డు మీద అచ్చేసిన రాత. ఆ కుర్రాడన్న మాటే వైట్‌ఫీల్డ్‌లో విన్నాను, ఎలక్ట్రానిక్ సిటీలో విన్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఆ మాట నమ్మి బయటికి పంపిన కెమెరా ఎవరింట్లోనో పసిపిల్ల ఉయ్యాల పైన గోడకి ఉంటుంది.

బ్రేక్‌పాయింట్, అంటే నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి చూసే చోటు, దాని గురించి నేను చెప్పనక్కర్లేదు, మీరు రోజూ పెడుతున్నారు. నేను మా చెల్లి పెళ్ళి దగ్గర మొదలుపెడతాను.

హిందూపురంలో కల్యాణ మండపం. ముందు గుమ్మంలో మా బాబాయిలిద్దరు నిలబడ్డారు. పన్నీరు చల్లుతూనే వచ్చినవాళ్ళ ముఖం చూసి, ఎవరి తాలూకో పోల్చుకుని లోపలికి పంపుతున్నారు. తెలియని మనిషైతే మర్యాదగా ఊరూపేరూ అడుగుతారు. మీ చిప్‌లో సెక్యూర్ బూట్ చేసే పని సరిగ్గా ఇదే. చిప్ లేవగానే నడవబోయే సాఫ్ట్‌వేర్ మీద డిజిటల్ సంతకం చూసి, మనవాడేనని తేలితే లోపలికి పంపుతుంది.

మండపానికి వెనక ఇంకో తలుపుంది, వంటవాళ్ళది. గ్యాసు సిలిండర్లు, కూరగాయల బస్తాలు, సాంబారు గుండిగలు అన్నీ అటునుంచే వస్తాయి. చేతిలో గరిటె ఉన్న మనిషిని అక్కడ ఎవరూ ఆపరు. ఆ తలుపు దాటితే వంటగది, దాని పక్కనే మెట్లు, మెట్లెక్కితే పెళ్ళికూతురి గది. నగల పెట్టె ఆ గదిలోనే.

డీబగ్ పోర్టు ఆ వెనక తలుపు. దాన్ని ఇటుకలు పెట్టి మూసేయమంటారా? మూసేస్తే పెళ్ళిలో భోజనాలుండవు. ఫ్యాక్టరీలో ప్రతి చిప్‌నీ పరీక్షించేది ఆ దారినే. చెడిపోయి తిరిగొచ్చిన బోర్డు ఎందుకు చచ్చిందో తెలుసుకునేదీ ఆ దారినే. 1985లో జేట్యాగ్ బృందం ఏర్పడిందే బోర్డులు పరీక్షించడం కష్టమైపోతోందని. 1990లో ఐఈఈఈ 1149.1గా ప్రమాణమైంది. పనివాళ్ళ కోసం పెట్టిన తలుపు అది. దొంగ సంగతి అప్పుడు ఎవరి ఆలోచనలోనూ లేదు.

మన కుర్రాడు చేసిన పనల్లా, ఆ తలుపు మీద "వంటగది" అని రాసిన బోర్డు పీకేయడం. బోర్డు లేకపోతే కనుక్కోలేరా? పొగ ఎటునుంచి వస్తోందో చూస్తే చాలదూ?

(మల్టీమీటర్ చేతిలోకి.)

పొగ ఎలా కనిపిస్తుందో ఈ రౌటర్ మీదే చూపిస్తాను. ఈ నాలుగు చుక్కలు జేట్యాగ్ కాదు, యూఆర్ట్, అంటే సీరియల్ పోర్టు. దారి వేరైనా కథ ఒకటే. మీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, ఒక కొస ఈ రేకు షీల్డుకి ఆనించి, రెండోది ఒక్కో చుక్కకీ తాకిస్తాను. కూత వచ్చింది, ఇది గ్రౌండ్. ఇప్పుడు కరెంటు ఇచ్చి వోల్టేజీ చూద్దాం. ఇది 3.3 దగ్గర కదలకుండా ఉంది, సప్లై. ఇదేమో బూట్ అవుతున్నంతసేపూ తడబడుతోంది, 3.3 నుంచి కిందికి, మళ్ళీ పైకి. మాట్లాడుతున్న తీగ ఇదే, టీఎక్స్. మిగిలింది వినే తీగ, ఆర్‌ఎక్స్. ఒక యూఎస్‌బీ టీటీఎల్ అడాప్టర్ తగిలించి, వేగం 115200 పెడితే...

(తెర మీద బూట్ లాగ్ పరుగెడుతుంది.)

...ఎంటర్ కొట్టాను. పాస్‌వర్డ్ అడగలేదు. నేరుగా రూట్ షెల్, అంటే పరికరం మొత్తం మీద పెత్తనం. పాత యజమాని వైఫై పేరూ పాస్‌వర్డూ మామూలు అక్షరాల్లో ఫైల్లో పడి ఉన్నాయి. అవి మీకు కనపడకుండా తెర మీద మసక పెట్టాను, ఈ షూటింగ్ కాగానే పూర్తిగా చెరిపేస్తాను. ఆ మనిషెవరో నాకు తెలియదు. కానీ ఇంట్లో సగంమంది అదే పాస్‌వర్డ్‌ని ఇంకెక్కడెక్కడో పెట్టుకునే ఉంటారు కదా. మీరు ప్రయత్నిస్తే మీ సొంత వస్తువు మీదే ప్రయత్నించండి. ఇంకొకరిది ముట్టుకోవద్దు.

"ఇది సీరియల్ కాబట్టి సులువు, జేట్యాగ్ అయితే తీగలెక్కువ" అంటారు. లెక్కేద్దాం. పేర్లు లేని పది ప్యాడ్లున్నాయనుకోండి. చిప్ ఐడీ చదవడానికి క్లాకు కొట్టే టీసీకే, స్థితి మార్చే టీఎంఎస్, డేటా బయటికొచ్చే టీడీఓ, ఈ మూడు తీగలు దొరికితే చాలు. పదిని తొమ్మిదితో, దాన్ని ఎనిమిదితో గుణిస్తే 720 రకాల అమరికలు. జేట్యాగ్ స్టేట్ మెషీన్ ఏ స్థితిలో ఉన్నా సరే, టీఎంఎస్‌ని పైన పెట్టి ఐదు క్లాకులు కొడితే రీసెట్‌కి వచ్చేస్తుంది. ఐడీ కోడ్ ఉన్న చిప్‌లో రీసెట్ తరవాత డేటా రిజిస్టర్‌లో ఆ కోడే ఉంటుంది. 32 బిట్లు, మొదట బయటికొచ్చే బిట్ విలువ ఎప్పుడూ 1. అందుకే దొరికిందో లేదో యంత్రమే చెప్పేస్తుంది. ఈ 720నీ వరసగా ప్రయత్నించడానికి జో గ్రాండ్ అనే ఆయన 2013లోనే జేట్యాగ్యులేటర్ అని ఒక బోర్డు చేసి అందరికీ ఇచ్చేశాడు. మీరు పేర్లు చెరపడం వల్ల దొంగకి పోయిన సమయం కాఫీ తాగేంత.

దొరికాక ఏం చేస్తాడు? ప్రాసెసర్‌ని ఆపుతాడు, మెమరీ చదువుతాడు, తరవాత ఏ ఆదేశం నడవాలో చూపే ప్రోగ్రాం కౌంటర్‌ని తనకి కావలసిన చోట పెడతాడు. మీ ఫ్లాష్, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ, మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉందా? చాలా డిజైన్లలో దాన్ని విప్పే తాళంచెవి ఏదో ఒక క్షణంలో ర్యామ్‌లో ఉంటుంది. ముందు గుమ్మంలో బాబాయిలు ఎంత నిక్కచ్చిగా ఉన్నా, మెట్లు ఇటువైపే ఉన్నాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న చోటికి వచ్చాను. మనవాళ్ళు డీబగ్‌ని స్విచ్ లాగా చూస్తారు, ఆన్ లేదా ఆఫ్. పెళ్ళిలో ఏ పెద్దావిడైనా అలా ఆలోచిస్తుందా? వంటవాడు వంటగది దాకా రావచ్చు. పూలవాడు వేదిక దాకా. పెళ్ళికూతురి గదికి మేనమామ. నగల పెట్టె మాత్రం మా పెద్దమ్మ ఒళ్ళో. మేనమామ అడిగినా "ఏం కావాలో చెప్పు, నేను తీసిస్తా" అంటుంది. ఎవరు, ఎంతవరకు, ఏ వేళప్పుడు, ఈ మూడూ ప్రతి వస్తువుకీ విడివిడిగా తేల్చాలి. హార్డ్‌వేర్ బలహీనతల జాబితా ఒకటుంది, సీడబ్ల్యూఈ అని, మైటర్ సంస్థ నడుపుతుంది. అందులో డీబగ్ తలుపుకి కాపలా సరిగా లేకపోవడం 1191వ నంబరు. తలుపు సంగతి సరే, లోపలి ఆస్తిని తగని డీబగ్ స్థాయికి అందేలా వదిలేయడం 1244. రెండూ వేరువేరు తప్పులు. మనం మొదటిదానితో ఆగిపోతున్నాం.

రెండోది ఎంత నష్టం చేస్తుందో ఒక్క ఉదాహరణ. ఎస్‌టీఎం32 అనే రకం చిప్‌లలో చాలావాటిలో ఆర్‌డీపీ అని రక్షణ స్థాయి ఉంటుంది. సున్నా అంటే అంతా తెరిచినట్టు. ఒకటి అంటే డీబగ్గర్ తగులుకుంటుంది, కానీ ఫ్లాష్ చదవనివ్వదు. రెండు అంటే డీబగ్ పూర్తిగా బంద్. ఇది ఒక బైట్‌లో ఉంటుంది. హెక్సాలో ఏఏ అయితే సున్నా స్థాయి, సీసీ అయితే రెండు, ఇంకే విలువైనా ఒకటి. ఆ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి.

ట్రెజర్ వన్ అనే క్రిప్టో వాలెట్‌లో ఇలాంటి చిప్ రెండో స్థాయిలోనే ఉంది. వెనక తలుపుకి గడియ వేసే ఉందన్నమాట. 2018 డిసెంబర్‌లో లైప్‌జిగ్‌లో జరిగిన సదస్సులో ముగ్గురు పరిశోధకులు ఏం చూపించారంటే, చిప్ లేచి ఆ బైట్‌ని చదివే క్షణంలో వోల్టేజీని లిప్తపాటు పడగొట్టారు. మండపంలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఉండే చీకటి తెలుసు కదా, అది. ఆ చీకట్లో చిప్ సీసీని తప్పుగా చదివింది. తప్పుగా చదివితే ఏమవుతుంది? ఇంకే విలువైనా ఒకటో స్థాయే! గడియ ఊడింది. ఒకటో స్థాయిలో ఫ్లాష్ అందదు, కానీ ర్యామ్ అందుతుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సమయంలో వాలెట్ రహస్య సీడ్‌ని, అంటే అందులోని డబ్బుకి అసలు తాళంచెవిని, అప్పట్లో ర్యామ్‌లోకి తెచ్చి పెట్టేది. అంటే పెద్దమ్మ పెట్టె తెచ్చి వంటగది అరుగు మీద పెట్టింది, ఒక్క నిమిషమే కదా అని.

ఇందులో నాకు కనిపించేవి రెండు. అనుమానం వచ్చినప్పుడు చిప్ ఎటు ఒరగాలి? అన్నిటికన్నా గట్టిగా మూసిన వైపుకి. ఇక్కడ నడిమి స్థాయికి ఒరిగింది. రెండు, ర్యామ్ కూడా నగల గదేనని ఎవరూ రాసుకోలేదు. 2021లో ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ లోపలి నార్డిక్ కంపెనీ చిప్‌ని కూడా ఇలా వోల్టేజీ దెబ్బతోనే తెరిచారు.

(గడియారం వైపు చూపు.)

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

పాస్‌వర్డ్ పెట్టాం అంటారు. అన్ని బోర్డులకీ ఒకటే పెడితే, ఒక్క బోర్డు విప్పినవాడికి అన్నీ విప్పినట్టే. హిందూపురంలో ఉన్న అన్ని మండపాలకీ ఒకటే తాళంచెవి ఎవరైనా చేయిస్తారా? సవాలు, జవాబు పద్ధతి పెట్టండి. చిప్ తన ఐడీతోపాటు అప్పటికప్పుడు పుట్టించిన ఒక యాదృచ్ఛిక సంఖ్యని ఇస్తుంది, మీ సర్వర్ దాని మీద ప్రైవేట్ కీతో సంతకం చేస్తుంది, చిప్ పబ్లిక్ కీతో సరిచూసుకుంటుంది. ఆ ప్రైవేట్ కీ ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ ఉండకూడదు. రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ రకానికి రాసిన డీబగ్ స్పెక్‌లో ఇందుకు ఆథ్‌డేటా రిజిస్టర్ ఉంది, కానీ దాని వెనక ఏ పద్ధతి పెట్టాలన్నది డిజైన్ చేసేవాళ్ళదే బాధ్యత. ఆర్మ్ అనే ఇంకో ప్రాసెసర్ రకంలో మామూలు ప్రోగ్రాంలు నడిచే ప్రపంచానికి డీబీజీఈఎన్, రహస్యాలు దాచే సెక్యూర్ ప్రపంచానికి ఎస్‌పీఐడీఈఎన్ అని డీబగ్‌ని అనుమతించే విడి విడి సిగ్నల్స్ ఉన్నాయి. రెండింటినీ కలిపి ఒకే ఫ్యూజుకి, అంటే చిప్‌లో ఒకసారి కాలిస్తే మళ్ళీ మారని బిట్‌కి, కట్టేసిన డిజైన్ నా కళ్ళతో చూశాను. దయచేసి అలా కట్టొద్దు.

తిరిగొచ్చిన బోర్డుని పరీక్షించాలంటే, కీలు చెరిపాకే డీబగ్ తెరుచుకోవాలి, ముందు కాదు. మర్నాడు ఇంకొకరి పెళ్ళికి మండపం అప్పగించేటప్పుడు పెట్టె మొదట ఆటో ఎక్కుతుంది కదా, అలా. ఆ చెరపడం కూడా హార్డ్‌వేరే చేయాలి.

సీసీటీవీ కెమెరాలు చేసేవాళ్ళకి ఇది ఇంక ఇష్టాయిష్టాల సంగతి కాదు. 2024 ఏప్రిల్‌లో కేంద్రం పెట్టిన భద్రతా నిబంధనల్లో సీరియల్ లాంటి డీబగ్ ఇంటర్‌ఫేస్‌లని మూసేయడమో, గట్టి పాస్‌వర్డ్‌తో కాపాడడమో చేయాలని ఉంది. కీలు ఏ పరికరానికి ఆ పరికరానికి వేరుగా ఉండాలనీ ఉంది.

రివ్యూ అయ్యాక ఆ కుర్రాణ్ణి ఒక పట్టిక గీయమన్నాను. అడ్డంగా చిప్ జీవితంలోని దశలు: ఫ్యాక్టరీ, అమ్మకం, రిపేరు, చెత్తబుట్ట. నిలువుగా ఆస్తులు: బూట్ కీ, వైఫై పాస్‌వర్డ్, వీడియో బఫర్, ర్యామ్. ఒక్కో గడిలో ఎవరికి అందుతుందో రాయాలి. నిన్న రాత్రి పంపాడు. పదహారు గడుల్లో పదిహేను నింపాడు. ర్యామ్ వరసలో రిపేరు గడి ఖాళీగా ఉంది, పక్కన పెన్సిల్‌తో "అక్కా, ఇది చిప్ వాళ్ళని అడగాలి" అని రాశాడు. సోమవారం ఇద్దరం కలిసి అడుగుతున్నాం.