క్లబ్బు సామాను ఎవరింట్లో ఉంది?

అందరికీ నమస్కారం. తెలుగు విద్యార్థుల సంఘం కొత్త కార్యవర్గం నన్ను నాలుగు మాటలు చెప్పమంది. మన గొప్పలు మనకు తెలిసినవే కాబట్టి పక్కవాళ్ల సంగతి చెబుతాను. మన అమెరికన్ క్యాంపస్‌లోనే బంగ్లాదేశ్ విద్యార్థులు, ఉద్యోగులు కలిసి నడుపుకునే సాంస్కృతిక క్లబ్బు సంగతి.

వాళ్ల ఏడాదికి గుండెకాయ ఫిబ్రవరి 21. బెంగాలీకి కూడా పాకిస్తాన్‌లో అధికార భాష హోదా కావాలన్న విద్యార్థుల మీద 1952లో ఆ రోజే ఢాకాలో పోలీసులు కాల్పులు జరిపారు. అదే ఏడాది డిసెంబరు 15న ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. ఆ రోజు మనమేం చేస్తున్నామో నేను అడగను. సెమిస్టర్ పరీక్షలంటారు, తెలుసు.

ఢాకాలో తెల్లవారకముందే చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి, ఆ అమరుల స్మారకమైన షహీద్ మినార్ దగ్గర పూలు పెడతారు. ఇక్కడి మంచులో ఆ నడక కుదరదు. అందుకని హాలు గుమ్మంలోనే బూట్లు విప్పేస్తారు. లోపల మినార్ నమూనా నిలబెడతారు. తెల్లటి ఐదు చట్రాలు, బిడ్డల మీదికి వంగిన తల్లిలా పైన ముందుకు ఒంగిన నడిమి చట్రం, వెనక ఎర్రటి సూర్యుడు. నేను వెనక్కి వెళ్లి చూశాను. అంతా అట్ట, థర్మాకోల్. పాత టేపు మీద కొత్త టేపు, దాని మీద ఇంకో టేపు.

ఆ మినార్ ఏడాది పొడుగునా ఉండేది ఒక ల్యాబ్ ఉద్యోగి గారి గ్యారేజీలో. నా దృష్టిలో ఆ క్లబ్బు నిలబడడానికి అసలు కారణం ఇదే. రూల్స్ ప్రకారం పదవులన్నీ విద్యార్థులవే. కానీ రెండేళ్లకు ఎంఎస్ అయిపోతే వాళ్లు వెళ్లిపోతారు. హాలు ఎవర్ని అడగాలి, బయటి వంట లోపలికి తేవాలంటే ఏ ఫారం నింపాలి, ఇవన్నీ గుర్తుండేది ఉద్యోగులకీ వాళ్ల ఇళ్లలోవాళ్లకీ.

కొత్త సంవత్సరం పొహేలా బోయిశాఖ్ బంగ్లాదేశ్‌లో ఏప్రిల్ 14న, పశ్చిమ బెంగాల్‌లో మామూలుగా 15న. ఇక్కడ మాత్రం హాలు దొరికిన శనివారం! చద్దన్నం, వేయించిన ఇలిష్ పెడతారు. ఇలిష్ అంటే మన గోదావరి పులసే, గోదావరి జిల్లాల పిల్లలు ఇప్పుడే లేచి వెళ్లిపోకండి. 2022, 2023లో పండగ రంజాన్ నెలలో పడింది. అలాంటప్పుడు పగటి భోజనం సాయంత్రం ఇఫ్తార్ అవుతుంది. ఉపవాసం లేని హిందూ, బౌద్ధ విద్యార్థులు కూడా అప్పటిదాకా ఆగి అందరితోపాటే కూర్చుంటారు.

ఇలాంటి ప్రవాసుల వల్ల ఏమవుతుందిలే అనుకునేరు. కెనడాలోని వాంకూవర్‌లో స్థిరపడ్డ రఫీకుల్ ఇస్లాం మాతృభాషలకు ఒక అంతర్జాతీయ దినం కావాలని 1998లో ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాశారు. అక్కడే ఉండే మరో బంగ్లాదేశీ అబ్దుస్ సలాం ఆయనకు తోడయ్యారు. తర్వాత బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆ ప్రతిపాదనను యునెస్కో ముందు పెట్టింది. 1999 నవంబరు 17న ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవమైంది.

కొత్త కార్యవర్గానికి ఒక్క మనవి. మన స్టేజీ సామాను, మైకులు, బ్యాంకు అకౌంటు పాస్‌వర్డు ఎవరి దగ్గరున్నాయో ఈ రాత్రే కనుక్కోండి. పాత ప్రెసిడెంటు డల్లాస్‌లో ఉద్యోగంలో చేరిపోయాడట.