చెయ్యి కదపకుండానే మందు పని తెలుస్తుందా?

(దృశ్యం: పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు. ఒక పెద్దాయన వాకింగ్ చేస్తున్నారు.)

ఆయన ఎడమ చెయ్యి చూడండి. కుడి చెయ్యి నడకతో పాటు ఊగుతోంది, ఎడమది ఒంటికి అతుక్కుపోయినట్టుంది. పార్కిన్సన్ చాలామందిలో ఇలా ఒక పక్కనుంచే మొదలవుతుంది. జనం వణుకుడు జబ్బు అంటారు గానీ, వణుకు లేకుండా కూడా ఇది రావచ్చు. కండరాల్లో లోపమేమీ ఉండదు. మధ్యమెదడులో డోపమైన్ అనే, కదలికలకి అవసరమైన రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి.

డోపమైన్ రక్తంలోంచి మెదడులోకి దూరలేదు. అందుకే దూరగలిగే లెవోడోపా ఇస్తారు, లోపలికెళ్లాక అదే డోపమైన్ అవుతుంది. (దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంది. అలాగని సొంత వైద్యం వద్దు.)

(దృశ్యం: స్కానర్‌లో పడుకున్న మనిషి. ముంజేతికి అతికించిన తీగలు.)

మాత్ర పడింది, చెయ్యి చురుగ్గా కదిలింది, స్కాన్‌లో మెదడూ చురుగ్గానే కనిపించింది. చిక్కంతా ఇక్కడే. అది మందు మహిమా, లేక చెయ్యి బాగా కదిలి కండరాల కబుర్లు ఎక్కువగా పైకి వెళ్లడం వల్లా?

ఇది తేల్చడానికి "చెయ్యి కదపొద్దు, కదుపుతున్నట్టు ఊహించుకోండి" అంటారు. చెయ్యి కదలకపోతే కండరాల కబుర్లూ పెరగవు, అప్పుడూ స్కాన్‌లో మెదడు మారితే అది మందు పనే. దొంగచాటుగా కదిపితే, కండరాల చలనాన్ని పసిగట్టే ఆ తీగలు పట్టిచ్చేస్తాయి. నాకైతే ఈ కిటుకు భలే నచ్చింది.

మీరూ చూడండి. కళ్లు మూసుకుని చొక్కా గుండీలు ఒక్కొక్కటీ పెట్టుకుంటున్నట్టు ఊహించండి. తర్వాత నిజంగా పెట్టుకోండి. రెంటికీ పట్టే టైమ్ ఇంచుమించు దగ్గరగా ఉంటుంది. పార్కిన్సన్ ఉన్నవాళ్లకి ఊహలో కూడా ఆలస్యమే!

(దృశ్యం: మెదడు బొమ్మ. నడినెత్తికి కాస్త ముందు ఒక చోట వెలుగు.)

ఇది సప్లిమెంటరీ మోటార్ ఏరియా. కదలికకి ముందు ఏర్పాట్లు చూసేది ఇదే, నిజంగా కదిలినా ఊహించినా పనిచేస్తుంది. పార్కిన్సన్‌లో మందగిస్తుంది. డోపమైన్‌లా పనిచేసే అపోమార్ఫిన్ ఇస్తే ఇది మళ్లీ చురుకవుతుందని 1992లో లండన్ పరిశోధకులు చూపించారు. అది నిజం కదలికలో. తర్వాతి స్కాన్లలో, డోపమైన్ మందులు వేసుకున్నాక ఊహించేటప్పుడు కూడా మెదడు పనితీరులో కొంత మార్పు కనిపించింది. అంటే స్కాన్‌లో కనిపించేదంతా చెయ్యి బాగా కదలడం వల్లే కాదన్నమాట.

రివర్స్‌లో పనిచేసే మందులూ ఉన్నాయి. మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ డోపమైన్‌ని అడ్డుకుంటాయి. కొందరిలో అచ్చం పార్కిన్సన్ లాంటి బిగువు, నెమ్మది వస్తాయి. ఇంట్లో ఎవరికైనా నడక మందగిస్తే, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.