సగం షట్టర్ రాజకీయం
(చెన్నైలో తెలుగు వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, వర్తక మిత్రులకు నమస్కారం. మే 5 తమిళనాడులో వణిగర్ దినం, అంటే వర్తకుల దినం. ఏటా ఆ రోజు కొట్లు మూసి మహానాడులకి వెళ్తాం, తీర్మానాలు చేస్తాం, భోజనం చేసి వస్తాం. మహానాడులో ఉపన్యాసాలిచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. నేను ఆడిటర్‌ని. మీ పుస్తకాలు చూసుకునేవాణ్ణి. అందుకని అన్ని మే 5ల గురించీ కాకుండా ఒక్క ఏడాది గురించి మాట్లాడతాను. 2020, కరోనా లాక్‌డౌన్ ఏడాది.

ఆ రోజు మన ఊళ్ళో కోయంబేడు కూరగాయల టోకు మార్కెట్ మూతపడింది. అదే రోజు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం డల్లస్‌లో, ఒక బ్యూటీ సెలూన్ యజమానురాలికి కోర్టు ఏడు రోజుల జైలు శిక్ష వేసింది. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే మన సంగతి మనకి కొంచెం అర్థమవుతుంది.

ఆమె పేరు షెల్లీ లూథర్. సెలూన్లు మూయాలని ఆర్డరు ఉండగానే 2020 ఏప్రిల్ 24న కొట్టు తెరిచింది. మర్నాడు ఒక సభలో, మూసేయమని కౌంటీ, అంటే అక్కడి జిల్లా, అధికారి పంపిన నోటీసుని అందరి ముందూ చింపేసింది. ఆ తర్వాత కోర్టు మూయమన్నా మూయలేదు. మే 5న జడ్జి ముందు నిలబెడితే ఆయన ఒక దారి చూపించాడు: నువ్వు చేసింది స్వార్థమని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, అనుమతి వచ్చేదాకా మూసి ఉంచితే జైలు సంగతి మళ్ళీ ఆలోచిస్తానన్నాడు. పిల్లలకి తిండి పెట్టుకోవడం స్వార్థం కాదు, క్షమాపణ చెప్పనని ఆమె అంది. ఏడు రోజుల జైలు, ఏడు వేల డాలర్ల జరిమానా పడ్డాయి.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. మే 8 నుంచి సెలూన్లు తెరుచుకోవచ్చని ఆ రాష్ట్ర గవర్నర్ ప్రకటించింది కూడా మే 5నే. అంటే ఏప్రిల్ 24న కాకుండా రెండు వారాలు ఆగి తెరిచి ఉంటే ఆమెది నేరమే కాదు! ఆ గవర్నరే తర్వాత తన ఆర్డరుని సవరించి, ఉల్లంఘనకి జైలు ఉండదన్నాడు. మే 7న రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమెని విడుదల చేసింది. ఆమె కోసం ఇంటర్నెట్‌లో పోగైన చందాలు అయిదు లక్షల డాలర్లు దాటాయి.

అక్కడి నుంచి సరాసరి ఎన్నికలకి వెళ్ళింది. 2020 సెప్టెంబరులో రాష్ట్ర సెనేట్ ఉప ఎన్నికలో మొదటి స్థానంలో నిలిచింది, డిసెంబరులో జరిగిన రెండో విడతలో ఓడిపోయింది. 2022లో రాష్ట్ర దిగువ సభకి పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, పోటీ చేసి మళ్ళీ ఓడింది. 2024లో అదే సీటులో, అదే ప్రత్యర్థి మీద ప్రైమరీ గెలిచింది, నవంబరులో సభకి ఎన్నికైంది.

మీలో కొందరికి ఇది వినడానికి హుషారుగా ఉందని ముఖాలు చూస్తే తెలుస్తోంది. నాకు అంత హుషారు లేదు. చందాల పేజీ కొట్టు తెరవడానికి ముందే తయారైంది. ఉద్యోగుల జీతాల కోసం వాళ్ళ కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన సాయం కూడా ఆమెకి అందింది. ఎన్నికల్లో చమురు డబ్బున్న దాతలు వెనక నిలబడ్డారు. పైగా అది అంటురోగం కాలం. కత్తెర పట్టుకుని మొహానికి మొహం పెట్టి చేసే పని. ఆమె తెగింపుకి ఖర్చు ఆమె ఒక్కతే పెట్టుకోలేదు. ఆ మాట చెప్పకుండా కథ చెబితే అది ప్రచారం అవుతుంది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆమె ఏం చేసినా పట్టపగలు, పేరు చెప్పి చేసింది.

మరి మనం? 2020 ఏప్రిల్, మే నెలల్లో సౌకార్‌పేట, మింట్ స్ట్రీట్, గోవిందప్ప నాయకన్ వీధి ఎలా ఉండేవో మీకు నేను చెప్పక్కర్లేదు. సగం షట్టర్. కుర్రాడు బయట స్టూలు వేసుకుని కూర్చుంటాడు, కస్టమర్ చెవిలో సరుకు పేరు చెబుతాడు, లోపలి నుంచి సంచీ వస్తుంది. పోలీసు జీపు వీధి మొదట్లో తిరిగేసరికి షట్టర్ మొత్తం కిందకి. జీపు పోయాక మళ్ళీ సగం పైకి. కొన్ని వీధుల్లో జీపు వచ్చే టైము ముందే తెలిసేది. ఎలా తెలిసేదో, దానికి ఎంతయ్యేదో నన్ను అడగకండి, ఆ ఖర్చులు నా దాకా వచ్చేసరికి 'ఇతర ఖర్చులు' అనే పద్దులో ఉండేవి.

నేను తప్పు పట్టడం లేదు. ఏప్రిల్ నెల అమ్మకాల కాలమ్ ఖాళీ. దాని పక్కనే అద్దె, ఈబీ వాళ్ళ కరెంటు బిల్లు, గుమాస్తాల జీతాలు, చీటీ పాట వాయిదా, అన్నీ నిండుగా ఉన్నాయి. రిజర్వ్ బ్యాంక్ ఆగస్టు దాకా అప్పు వాయిదాలు కట్టకుండా ఆగొచ్చని మారటోరియం ఇచ్చింది, కానీ వడ్డీ ఆగలేదు. మేలో కేంద్రం 3 లక్షల కోట్ల గ్యారంటీ రుణాల పథకం ప్రకటించింది. అది బ్యాంకులో అప్పటికే అప్పున్నవాడికి, ఆ అప్పులో 20 శాతం దాకా ఇచ్చే ఇంకో అప్పు. ఏనాడూ బ్యాంకు గడప తొక్కకుండా, సొంత డబ్బుతో, చేబదుళ్ళతో కొట్టు నడిపినవాడికి అందులో చోటు లేదు. మన వీధుల్లో ఎక్కువమంది వాళ్ళే. మంగలి షాపులవాళ్ళ గతి ఇంకా అన్యాయం. చెన్నైలో వాళ్ళు జూన్ 1 దాకా ఆగాల్సి వచ్చింది, తెరిచాక కూడా క్రాపు చేయించుకునే ప్రతివాడి ఆధార్ నంబరూ పుస్తకంలో రాయాలన్నారు.

నేను అనేది వేరు. సగం షట్టర్ వల్ల ఎవరి రోజు వాళ్ళకి గడిచింది. ఎవడి మినహాయింపు వాడు కొనుక్కున్నాడు. పక్క కొట్టువాడు అంత ఇచ్చుకోలేకపోతే అది వాడి ఖర్మ. వేలమంది ఒకే ఆర్డరుని ధిక్కరించారు, నాకు తెలిసి అందులో ఒక్కరైనా 'ఈ ఆర్డరు తప్పు, ఇలా మార్చండి' అని కాగితం మీద సంతకం పెట్టలేదు.

కోయంబేడులో దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ సంఘాలు బహిరంగంగానే మాట్లాడాయి. జనం కిక్కిరుస్తున్నారు, మార్కెట్‌ని వేరే చోట్లకి పంచుదామని ఏప్రిల్లో అధికారులంటే ఒప్పుకోలేదు. తర్వాత అక్కడి నుంచి కడలూరు, విళుప్పురం, అరియలూరు దాకా కేసులు పాకాయి. మే 5న మూసి తిరుమళిశైకి తరలించిన మార్కెట్, సెప్టెంబరు 28 దాకా వెనక్కి రాలేదు. వర్తకుడు ఎదురు తిరిగిన ప్రతిసారీ న్యాయం వాడి పక్కనే ఉంటుందని నేనెక్కడా అనలేదని గుర్తు పెట్టుకోండి.

ఇక తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళం. 2020 జూన్ 19. మొబైల్ షాపు నడుపుకునే తండ్రీకొడుకులు. టైము దాటి కొట్టు తెరిచి ఉంచారన్నది ఆరోపణ. పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఇద్దరూ లేరు. మద్రాస్ హైకోర్టు మదురై బెంచి తనంతట తాను కేసు తీసుకుంది, సీబీఐ దర్యాప్తు చేసి పోలీసుల మీద హత్యానేరం మోపింది. డల్లస్‌లో ధిక్కరించిన మనిషికి లాయరు, జడ్జి, రెండు రోజుల్లో సుప్రీంకోర్టు దొరికాయి. తూత్తుకుడి జిల్లాలో ధిక్కరించారో లేదో తేలకముందే ప్రాణాలు పోయాయి. 'మనవాళ్ళకి ధైర్యం లేదండీ, అమెరికావాళ్ళని చూడండి' అని వాట్సాప్‌లో పెట్టే పెద్దమనుషులు ఈ రెండు ఊళ్ళనీ ఒకసారి పక్కపక్కన పెట్టుకుంటే బాగుంటుంది.

చట్టం విషయానికొస్తాను. కొంచెం ఓపిక పట్టండి, అసలు సరుకు ఇక్కడే ఉంది. మనల్ని మూయించినవి రెండు చట్టాలు. ఒకటి 1897 నాటి అంటురోగాల చట్టం. బొంబాయి ప్లేగు కోసం తెల్లవాళ్ళు హడావుడిగా చేసింది, చేసినప్పుడు మొత్తం నాలుగే సెక్షన్లు. నాలుగోది ఏమిటంటే, ఈ చట్టం కింద పనిచేసే అధికారి మీద దావా వేయకూడదు. రెండోది 2005 విపత్తు నిర్వహణ చట్టం. దాని 51వ సెక్షన్ ప్రకారం ఆర్డరు పాటించకపోతే ఏడాది దాకా జైలు, ప్రాణాల మీదకి తెస్తే రెండేళ్ళు.

అదే చట్టంలో 65, 66 సెక్షన్లు చదవండి. విపత్తు సమయంలో ప్రభుత్వం మీ లారీనో గోడౌన్‌నో స్వాధీనం చేసుకోవచ్చు, చేసుకుంటే పరిహారం ఇవ్వాలి. లారీ తీసుకుంటే డబ్బు. కొట్టు మూయిస్తే? ఆ సెక్షన్లలో ఒక్క అక్షరం లేదు. మీ దగ్గరున్నది వాడుకుంటే నష్టమట, మీ జీవనం ఆపేస్తే నష్టం కాదట. 2020 తర్వాత ఇన్ని మహానాడులు జరిగాయి, ఈ ఒక్క లోటుని పట్టుకుని ఎంతమంది మాట్లాడారు?

జిల్లా విపత్తు సంస్థలో ఎవరుండాలో 25వ సెక్షన్ చెబుతుంది. కలెక్టరు, ఎస్పీ, వైద్యాధికారి, ఇంకా అధికారులు. జనం తరఫున స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన ప్రతినిధి ఒక్కరు. మన చెన్నై కార్పొరేషన్‌లో 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. కరోనా అంతా అధికారుల పాలనలోనే గడిచింది. కొట్టు ముందు బారికేడ్ పెడితే వెళ్ళి మొర పెట్టుకోడానికి వార్డు కౌన్సిలర్ అనే మనిషి లేడు. ఉన్నది ఇన్‌స్పెక్టరొక్కడే. సగం షట్టర్‌కి అసలు కారణం నన్నడిగితే ఇదే.

2021 ఫిబ్రవరిలో, అసెంబ్లీ ఎన్నికల ముందు, లాక్‌డౌన్ ఉల్లంఘన కేసులు సుమారు పది లక్షలు ఎత్తేస్తున్నామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. మంచిదే. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ కేసులు పోయాయి, చట్టం పోలేదు. టెక్సస్‌లో 2023లో, కోవిడ్ పేరుతో స్థానిక ప్రభుత్వాలు వ్యాపారాలు మూయించకూడదని చట్టమే చేశారు. ఆ చట్టం మంచిదని నేననను, రేపు ఇంకో వేవ్ వస్తే వాళ్ళ చేతులు వాళ్ళే కట్టేసుకున్నట్టవుతుంది. కానీ గమనించండి, అప్పటికి షెల్లీ లూథర్ సభలోకి రానేలేదు. చట్టం మారడానికి ఆమె సీటు అవసరం కాలేదు, గొడవ సరిపోయింది.

వర్తకుడు రాజకీయాల్లోకి వెళ్ళడం మనకి కొత్త అనుకుంటే, ఈ జార్జ్‌టౌన్ చరిత్ర మనకే తెలియదన్నమాట. గాజుల లక్ష్మీనరసు శెట్టి మన తెలుగువాడు, ఇక్కడే 1806లో పుట్టాడు. నీలిమందు, చేతిరుమాళ్ళ వ్యాపారం. 1844లో 'క్రెసెంట్' అనే పత్రిక పెట్టాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. ఆ రోజుల్లో శిస్తు కట్టలేని రైతుల్ని ఎండలో వంచి నిలబెట్టేవాళ్ళు, వేళ్ళని చెక్కల మధ్య పెట్టి నొక్కేవాళ్ళు. శెట్టిగారు లండన్ పార్లమెంటుకి అర్జీలు పంపాడు. డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే, ఈ హింస సంగతి కళ్ళారా చూసేలా చేశాడు. చివరికి కంపెనీ ప్రభుత్వమే విచారణ సంఘం వేయాల్సి వచ్చింది, 1855లో ఆ నివేదిక బయటికొచ్చింది. తర్వాత ఆయన మద్రాసు శాసన మండలిలో కూడా కూర్చున్నాడు.

వేళ్ళు నలిగింది రైతులవి, శెట్టిగారివి కావు. ఆయన కొట్టు ఎవరూ మూయించలేదు. సాత్తాన్‌కుళం వార్త చదివిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆయనే. సర్కారు మనుషులు జనాన్ని హింసించడం మీద ఆ రోజుల్లోనే ఈ ఊళ్ళో గట్టిగా గొంతెత్తింది ఒక బట్టల వ్యాపారి అని మన పిల్లలకి ఏ స్కూల్లోనూ చెప్పరు.

కాబట్టి మీరు పోటీ చేస్తారా, చేయరా అన్నది మీ ఇష్టం. కౌన్సిలర్‌గా నిలబడాలని ఉబలాటపడుతున్నవాళ్ళు ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురున్నారని తెలుసు, శుభం. కానీ నాకు కావలసింది అర్జీ. మూయించమన్న ఆర్డరు రాతపూర్వకంగా, ఎన్నాళ్ళో తేదీ వేసి ఇవ్వాలి. జిల్లా సంస్థలో చిన్న వర్తకుల మాట వినే ఏర్పాటుండాలి. ఉల్లంఘనకి మొదట జరిమానా, స్టేషన్‌కి తీసుకెళ్ళడం కాదు. మూసిన రోజులకి పరిహారం, 66వ సెక్షన్‌లో లారీకి ఇచ్చినట్టే. ముసాయిదా తెచ్చాను, అరవంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఉంది. చదివి మార్పులు అంచున రాయండి.

పరిహారం లెక్క ఎలా కడతారని ఇందాక వెనక వరసలోంచి ఎవరో అడిగారు. జీఎస్టీ రిటర్నులో చూపించిన అమ్మకం మీదే కడతారు, ఇంకెలా కడతారు? తక్కువ చూపించినవాళ్ళకి తక్కువే వస్తుంది. ఆ విషయంలో మాత్రం ఈ ఆడిటర్ని ఏమీ చేయమనకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.